మాస్కు అడిగిన డాక్టరు

2020 మే 16, శనివారం. విశాఖపట్నం అక్కయ్యపాలెంలో, పోర్టు ఆసుపత్రి దగ్గర హైవే మీద జనం గుమిగూడారు. లాక్‌డౌన్ రోజులు. మనిషికీ మనిషికీ ఎడం ఉండాలని మైకుల్లో చాటుతున్న రోజులు. ఆ గుంపు నడుమ తారురోడ్డు మీద ఒక నడివయసు మనిషి. ఒంటి మీద చొక్కా లేదు. చేతులు రెండూ వెనక్కి విరిచి తాడుతో కట్టేశారు. పక్కన కానిస్టేబులు చేతిలో లాఠీ. ఆ మనిషి కేకలు వేస్తున్నాడు, తిడుతున్నాడు. పోలీసులు లాక్కెళ్లి ఆటోలో పడేశారు. చుట్టూ ఉన్నవాళ్లు సెల్‌ఫోన్లలో అంతా తీశారు. ఆ వీడియో రాష్ట్రమంతా తిరిగి, సరిహద్దు దాటి, ఇక్కడ కర్ణాటకలోని హొసకోటెలో మా ఫోన్లలోకీ వచ్చింది.

ఆ మనిషి పేరు డాక్టర్ సుధాకర్. నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో మత్తు డాక్టరు. దళితుడు. అప్పటికి ఆయన సస్పెండై ఐదు వారాలు దాటింది.

నర్సీపట్నం మన్యానికి వాకిలి లాంటి ఊరు. చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు వైపు నుంచి ఒళ్లు బాగాలేనివాళ్లు, పురిటినొప్పులతో వచ్చేవాళ్లు కొండ దిగి అక్కడికే చేరతారు. అలాంటి చోట మత్తు డాక్టరు లేకపోతే సిజేరియన్ లేదు, విరిగిన ఎముకకు ఆపరేషన్ లేదు. కరోనా వచ్చాక ఆ పనికి ఇంకో ముప్పు తోడైంది. ఊపిరాడని రోగి గొంతులోకి గొట్టం దించేది మత్తు డాక్టరే. ఆ క్షణంలో రోగి నోటికీ డాక్టరు ముఖానికీ మధ్య జానెడు దూరం కూడా ఉండదు. రోగి దగ్గితే వచ్చే తుంపరలన్నీ తిన్నగా డాక్టరు ముఖం మీదికే. గుడ్డ మాస్కు దానికి అడ్డం కాదు, ఎన్95 కావాలి. ఆసుపత్రిలో అందరికంటే ముందు మాస్కు గురించి గొంతెత్తింది ఆయనే కావడంలో వింతేమీ లేదు. ఆ గదిలో అందరికంటే ఎక్కువ భయపడాల్సిన మనిషి ఆయనే.

ఏప్రిల్ మొదటి వారంలో ఆయన ఆ మాట కెమెరాల ముందు అన్నారు. ఇచ్చిన మాస్కునే పదిహేను రోజులు వాడమంటున్నారు, ఆ తర్వాతే కొత్తది అడగమంటున్నారు, ప్రాణాలకు తెగించి వైద్యం ఎలా చేయాలి అని అడిగారు. చాలా కోపంగా అడిగారు. ముఖ్యమంత్రిని కూడా వదల్లేదు. ఏప్రిల్ 8న సస్పెన్షన్ ఉత్తర్వు వచ్చింది. మాస్కులకు కొరతే లేదని ప్రభుత్వం చెప్పింది. నర్సీపట్నం తెలుగుదేశం నాయకుడు, మాజీ మంత్రి అయ్యన్నపాత్రుడి పేరు తెచ్చి, ఇదంతా ప్రతిపక్షం ఆడించిన నాటకమని పాలకపక్షం వైఎస్సార్ కాంగ్రెస్ అంది. డాక్టర్లను వేధిస్తున్న ప్రభుత్వమని తెలుగుదేశం అంది. కొన్నాళ్లకు సుధాకర్ మరో వీడియోలో క్షమాపణ చెప్పారు, సస్పెన్షన్ ఎత్తేయమని వేడుకున్నారు. ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాతే అక్కయ్యపాలెం.

ఆ రోజు ఏం జరిగిందన్న దాని మీద రెండు కథనాలున్నాయి. ఎవరో తాగి రోడ్డు మీద గొడవ చేస్తున్నాడని కంట్రోల్ రూముకు ఫోన్ వచ్చిందని, అక్కడికి పోయాకే అతను సస్పెండైన డాక్టరని తెలిసిందని, కానిస్టేబులు చేతిలోని ఫోన్‌ను అతను లాక్కుని విసిరేశాడని పోలీసు కమిషనర్ ఆర్.కె. మీనా చెప్పారు. లాఠీ వాడిన కానిస్టేబులును సస్పెండ్ చేశామనీ చెప్పారు. డాక్టరు మాట వేరు. అరెస్టుకు ముందే ఆయన విలేకరులతో మాట్లాడారు. కారు ఆపి కిందికి లాగారని, ఫోనూ పర్సూ లాక్కున్నారని, కొట్టారని అన్నారు. ఆయన్ని మొదట కింగ్ జార్జ్ ఆసుపత్రికి, అక్కడినుంచి ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తీసుకుపోయారు. తన కొడుక్కి అలాంటి జబ్బేమీ లేదని తల్లి చెప్పారు.

పోలీసులు చెప్పిందంతా నిజమేననుకుందాం. తాగారు, తిట్టారు, ఫోన్ పగలగొట్టారు. అయినా చేతులు వెనక్కి కట్టి రోడ్డు మీద కొట్టడానికి అధికారం ఎక్కడిది? సంకెళ్లు వేయడమే చివరి మార్గం కావాలని, వేస్తే కారణం రాసి పెట్టాలని 1980లోనే ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పోనీ ఆయనకు మతి చలించిందనే అనుకుందాం. అప్పుడు వర్తించేది 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. అలాంటి మనిషిని పోలీసులు తమ రక్షణలోకి తీసుకోవాలని, ఇరవై నాలుగు గంటల్లోపు ప్రభుత్వ వైద్యుల దగ్గరికి చేర్చాలని అది చెబుతుంది. రక్షణ అనే మాటే వాడింది ఆ చట్టం. ఏ కథనం పట్టుకున్నా ఆ తాడుకు చోటు లేదు.

వీడియో వచ్చిన రాత్రి హొసకోటెలో మా ఇంట్లో జరిగిన వాదన చెప్పాలి. ఎందుకంటే అలాంటి వాదనే ఆ రాత్రి వేల ఇళ్లలో జరిగి ఉంటుంది. మా వీధిలో సగం ఇళ్లలో మాట్లాడేది తెలుగే. చిత్తూరు, అనంతపురం నుంచి వచ్చి స్థిరపడినవాళ్లం. ఓటు కర్ణాటకలో వేస్తాం, కొట్లాట మాత్రం ఆంధ్రా పార్టీల కోసం పెట్టుకుంటాం. మా మేనమామకు సైకిల్ తప్ప వేరే గుర్తు కనబడదు. మా బావ అనంతపురం మనిషి. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ వైద్య పథకం మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఆ కార్డు మీదే వాళ్ల నాయనకు గుండె ఆపరేషన్ అయింది. ఆ పథకం తెచ్చిన వైఎస్ పేరెత్తితే బావ కళ్లు చెమరుస్తాయి. ఆ కృతజ్ఞతను నేను తక్కువ చేయను.

"చూస్తివా అల్లుడా, అంత చదువుకున్నోన్ని పశువును కట్టినట్టు కట్నారు. ఇదేనా మీ రాజ్యం?" అన్నాడు మామ.

"తాగి రోడ్డు మీద పడి ముఖ్యమంత్రిని బూతులు తిడితే హారతి పడతారా మామా? ఆయప్ప వెనకాల ఎవరుండారో ముందు అది కనుక్కో."

"దళితుడనే గదా అట్ల కొట్నారు?"

"కులం ఏంటికి తెస్తావు మామా? మీ వాళ్లు పాలించినప్పుడు దళితుల మీద లాఠీ లేసిందే లేదా?"

అర్ధరాత్రి దాకా సాగింది. మా చెల్లెలు ఒక ఆసుపత్రిలో నర్సు. ఆ రోజుల్లో ఆమె ఐదు మాస్కులను ఐదు కాగితం కవర్లలో పెట్టుకుని, ఒక్కో రోజు ఒక్కోటి, వంతులవారీగా వాడేది. తినడం ముగించి చేయి కడుక్కుని వచ్చి, "ఇంతకీ ఆ ఆస్పత్రికి మాస్కులు వచ్చిండెనా లేదా మామా?" అని అడిగింది. మామ బావ వైపు చూశాడు, బావ ఫోన్ వైపు చూశాడు. కాసేపటికి మళ్లీ అయ్యన్నపాత్రుడి దగ్గర మొదలుపెట్టారు.

సుధాకర్ విషయంలో నన్ను ఇప్పటికీ వదలని బాధ ఇదే. ఆయన అడిగింది వైద్యం గురించి. మనం వాదించుకున్నది ఆయన ఎవరి మనిషి అని.

ఇది మన దగ్గరే జరిగిందని కాదు. 2009 జులై 16న అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో హార్వర్డ్ ఆచార్యుడు హెన్రీ లూయిస్ గేట్స్ చైనా నుంచి ఇంటికి వచ్చారు. ముందు తలుపు బిగుసుకుపోతే నెట్టుకుని లోపలికి పోయారు. ఎవరో దొంగతనం జరుగుతోందేమోనని పోలీసులకు ఫోన్ చేశారు. సార్జెంట్ జేమ్స్ క్రౌలీ వచ్చాడు, మాటా మాటా పెరిగింది, ఆ నల్లజాతి పండితుడిని ఆయన ఇంటి ముందే అరెస్టు చేశాడు. ఐదు రోజులకే కేసు ఎత్తేశారు. జులై 22 రాత్రి అధ్యక్షుడు ఒబామా ఆరోగ్య బీమా సంస్కరణ మీద విలేకరుల సమావేశం పెట్టారు. దాదాపు గంటసేపు ఆసుపత్రులు, బీమా కంపెనీలు, మందుల ఖర్చుల గురించే మాట్లాడారు. చివరి ప్రశ్న గేట్స్ గురించి. పోలీసులు తెలివితక్కువగా ప్రవర్తించారని ఆయన అన్నారు. మర్నాటి నుంచి అమెరికా అంతా ఆ ఒక్క మాట మీదే కొట్టుకుంది. గంటసేపు చెప్పిన వైద్యం సంగతి పక్కకు పోయింది. జులై 30న గేట్స్‌నూ క్రౌలీనీ వైట్‌హౌస్‌కు పిలిచి కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఆ బీమా చట్టం మీద సంతకం మాత్రం 2010 మార్చి 23న పడింది, ఎందుకంటే దాన్ని పట్టుకుని కూర్చున్నవాళ్లు కొందరున్నారు. నర్సీపట్నం మాస్కును పట్టుకుని కూర్చున్నవాళ్లు లేరు.

సుధాకర్ పక్షాన పట్టుదలగా నిలబడిన చోటు ఒకటుంది, అది హైకోర్టు. పాయకరావుపేట మాజీ ఎమ్మెల్యే, తెలుగుదేశం నాయకురాలు వంగలపూడి అనిత ఆ వీడియో గురించి కోర్టుకు లేఖ రాశారు. కోర్టు ఆ లేఖనే పిటిషన్‌గా తీసుకుంది. మేజిస్ట్రేటును ఆసుపత్రికి పంపి డాక్టరు వాంగ్మూలం తీసుకోమంది. మేజిస్ట్రేటు రాసుకున్న గాయాలకూ ప్రభుత్వం ఇచ్చిన నివేదికలోని గాయాలకూ పొంతన కుదరలేదు. మే 22న ధర్మాసనం దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. అనిత లేఖలో రాజకీయం ఉందా అని మా బావ అడిగాడు. ఉంటే ఉండనీ. ఆ లేఖ లేకపోతే ఆ గాయాలు లెక్కలోకి వచ్చేవి కావు. ప్రతిపక్షం ఉండేది అందుకే. జూన్ మొదటి వారంలో, కోర్టు చెప్పాక, డాక్టరు మానసిక వైద్యశాల నుంచి బయటికి వచ్చారు.

కులమే కారణమా? ఆ కానిస్టేబులు మనసులో ఏముందో నేను చెప్పలేను. కానీ ఆ వేసవి తర్వాత రెండు నెలలైనా గడవలేదు. జులైలో తూర్పుగోదావరి జిల్లా సీతానగరంలో ఒక దళిత యువకుడికి పోలీస్‌స్టేషన్‌లోనే గుండు గీయించారు, మీసం తీయించారు. ఎస్సైనీ ఇద్దరు కానిస్టేబుళ్లనూ సస్పెండ్ చేశారు. అదే నెల చీరాలలో పోలీసులు ఇంకో దళిత యువకుణ్ణి ఆపారు. కారణం, ముఖానికి మాస్కు లేదు. తలకు దెబ్బలతో నాలుగు రోజులకు చనిపోయాడు. జీపులోంచి దూకాడని పోలీసులు, కొట్టి చంపారని ఇంటివాళ్లు. మాస్కు అడిగినందుకు ఒకాయన, మాస్కు పెట్టుకోనందుకు ఇంకొకడు. ఇద్దరూ ఏ వాడల నుంచి వచ్చారో చూడండి. అలాంటి ఘటనలు వరసగా జరుగుతున్నప్పుడు కులం ఏంటికి తెస్తావని అడిగే హక్కు మనకు ఉండదు. ఈ మాట మా బావకు చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను. పార్టీ మారితే ఆ లాఠీ మారుతుందని మామ అంటే ఆ మాటా ఒప్పుకోను.

ఆ మధ్యలో ప్రభుత్వం వైద్యానికి ఏమీ చేయలేదంటే అబద్ధమవుతుంది. 2020 జులై 1న విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒకేసారి 108 అంబులెన్సులు, 104 వాహనాలు కలిపి వెయ్యికి పైగా బారులు తీరాయి. కళ్లు చాలనంత వరస. అవి ఎన్నో ప్రాణాలు కాపాడి ఉంటాయి. ప్రతిపక్షం వాటి కాంట్రాక్టులో అవినీతి ఉందంది. ఇక పేర్ల సంగతి. రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలైంది తెలుగుదేశం రాగానే ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ దగ్గరికి వచ్చింది. విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయానికీ అదే గతి. కార్డు మీద ఎవరి బొమ్మ ఉండాలన్న దాని మీద ఇంత పట్టుదల ఉన్న అసెంబ్లీ, ఆసుపత్రి స్టోరులో ఏముందన్న దాని మీద ఒక్క పూట కూర్చుని ఉంటే బాగుండేది.

2021 మే 21 రాత్రి విశాఖలో సుధాకర్ గుండెపోటుతో చనిపోయారు. మళ్లీ ఉద్యోగంలో చేరాలని ఎదురుచూస్తూనే పోయారని ఇంటివాళ్లు చెప్పారు. అప్పటికి కరోనా రెండో కెరటం ఉధృతంగా ఉంది. అక్కడా ఇక్కడా మత్తు డాక్టర్ల కోసం, ఆక్సిజన్ పడకల కోసం జనం పరుగులు పెడుతున్నారు.

ఆ నెలలోనే మా బెంగళూరులోనూ ఒక పడకల కథ నడిచింది. మే 4న ఎంపీ తేజస్వి సూర్య ముగ్గురు ఎమ్మెల్యేలతో కలిసి నగర పాలికె దక్షిణ విభాగం కోవిడ్ వార్ రూముకు వెళ్లారు. లక్షణాలే లేనివాళ్ల పేర్ల మీద పడకలు కట్టిపెడుతున్నారన్నది ఫిర్యాదు. గట్టి ఫిర్యాదే, విచారించాల్సిందే. కానీ అక్కడ పనిచేసే రెండు వందల మందికి పైగా ఉద్యోగుల్లోంచి పదిహేడు ముస్లిం పేర్లు మాత్రం చదివి, వీళ్లనెవరు పెట్టారని అడిగారు. ఆ జాబితా వాట్సాప్‌లో హంతకుల జాబితాగా తిరిగింది. పోలీసులు ఆ పదిహేడుమందినీ విచారించి వదిలేశారు. తర్వాత అరెస్టయినవాళ్లలో, ఆ రోజు వెంట వచ్చిన బొమ్మనహళ్లి ఎమ్మెల్యే సతీశ్ రెడ్డి అనుచరుడు ఒకరున్నారు. ఈలోగా హొసకోటె నుంచి కూడా మనుషులు పడక కోసం నగరమంతా తిరుగుతూనే ఉన్నారు. మా ఇంట్లో ఈసారి మామా బావా ఒకే మాట మీద ఉన్నారు, ఆ పదిహేడుమందిదే తప్పని. ఆ రాత్రి నేను వాళ్లతో వాదించిన దానికి వారం పాటు ఇంట్లో ఎవరూ సరిగా మాట్లాడలేదు.

2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారింది. ఆ లేఖ రాసిన అనిత ఇప్పుడు హోంమంత్రి. పోలీసుశాఖ ఆమె చేతిలో ఉంది. అయ్యన్నపాత్రుడు నర్సీపట్నం ఎమ్మెల్యే, శాసనసభ స్పీకర్. ఆ డాక్టరు పేరును ఎన్నో సభల్లో పలికిన పార్టీ అధికారంలో ఉంది. వాళ్లు చేయగలిగిన పని ఒకటుంది, దానికి కోర్టు అక్కర్లేదు, కొత్త పథకం అక్కర్లేదు. 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో నర్సీపట్నం ఏరియా ఆసుపత్రి స్టోరు రిజిస్టరు తెచ్చి సభలో పెట్టాలి. ఎన్ని ఎన్95 మాస్కులు వచ్చాయి, ఏ తేదీన వచ్చాయి, ఎవరెవరికి ఎన్ని ఇచ్చారు, ఆపరేషన్ థియేటరుకు ఎన్ని చేరాయి. ఆయన అబద్ధమాడి ఉంటే అదీ తేలుతుంది. ఆ పుటలు తెరిచి చదవాలి, నర్సీపట్నం సభ్యుడి ఎదుట.