మన్యం కొండలు, పరిశోధన పట్టా

పెదబయలు, పాడేరు, అరకు కొండలపై పరిశోధనకు చాలాకాలం ప్రధాన విద్యాకేంద్రం ఆంధ్ర విశ్వవిద్యాలయమే. 1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరుకు మారింది. ఆ రోజుల్లో పిహెచ్‌డి అంటే గురువు, శిష్యుడు, ఒక సిద్ధాంత గ్రంథం. ఏం చదవాలో, ఎప్పటికి ముగించాలో చాలావరకు గురువును బట్టే ఉండేది.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2009 నిబంధనలతో కోర్స్‌వర్క్ తప్పనిసరైంది. పరిశోధన నైతికతపై పాఠం 2019లో చేరింది. 2022 నిబంధనల ప్రకారం కోర్స్‌వర్క్‌కు కనీసం 12 క్రెడిట్లు. మొత్తం గడువు కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. ప్రతి సెమిస్టర్‌లో విద్యార్థి సలహా సంఘం ముందు తన పనిని వివరించాలి. ఆచార్యుడి వద్ద ఒకేసారి ఎనిమిది మందికి మించి ఉండకూడదు. ఒంటరి శిష్యుడికి ఈ నిబంధనలు నిజమైన రక్షణ.

పర్యావరణ శాస్త్రంలో అసలు పరీక్ష కొండమీదే. అడవి నరికి పోడు సాగు చేసే వాలుల్లో మట్టి ఎంత కొట్టుకుపోతోందో ఒక్క వానకాలపు నమూనాలతో తేలదు. సామలు, చోళ్లు పండించి వదిలేసిన బీడు మళ్లీ అడవిగా మారడానికి ఏళ్లు పడుతుంది. పిహెచ్‌డి గడువు అందుకు చాలదు. అందుకే వేర్వేరు వయసుల బీళ్లను ఒకేసారి పోల్చి చూడటం పరిశోధకుల పద్ధతి. అడవిలో నమూనాలకు అటవీశాఖ అనుమతి కావాలి. మొక్కల గురించి గిరిజనులు చెప్పిన జ్ఞానం వారిదేనని గ్రంథంలో రాయడం కనీస ధర్మం. 2002 జీవవైవిధ్య చట్టం స్ఫూర్తీ అదే.

చివరికి గ్రంథాన్ని ఇద్దరు బయటి పరీక్షకులు చదువుతారు, తర్వాత మౌఖిక పరీక్ష జరుగుతుంది. గ్రంథం ప్రతి శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండాగారానికి చేరుతుంది.