డిక్రీ తేదీకి ముందూ వెనకా: తల్లిదండ్రుల ఎడబాటు, పిల్లల మనఃస్థితి

తల్లిదండ్రుల విడాకులు పిల్లలపై చూపే ప్రభావాన్ని పరిశీలించే అధ్యయనాలన్నిటికీ ఎదురయ్యే చిక్కు ప్రశ్న, ఆ ప్రభావాన్ని ఏ రోజు నుంచి లెక్కకట్టాలన్నది. కోర్టు డిక్రీ ఇచ్చిన తేదీ కాగితం మీద స్పష్టంగా ఉంటుంది కనుక తొలితరం పరిశోధకులు దానినే హద్దుగా తీసుకున్నారు. కానీ ఇంట్లో మాటలు ఆగిపోయిన నాటినుంచే, కంచాలు వేర్వేరు వేళల్లో పెట్టుకోవడం మొదలైన నాటినుంచే పిల్లలకు ఎడబాటు మొదలై ఉంటుంది.

జూడిత్ వాలర్‌స్టైన్ 1971లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో 60 కుటుంబాలకు చెందిన 131 మంది పిల్లలతో ప్రారంభించి, పాతికేళ్ల పాటు సాగించిన అధ్యయనం, విడాకుల గాయం బాల్యంతో మానిపోదనీ, యౌవనంలో వివాహం పట్ల భయంగా తిరిగి తలెత్తుతుందనీ ప్రతిపాదించింది. అయితే కలిసి ఉన్న దంపతుల పిల్లలతో పోల్చే వీలు మొదట కల్పించుకోకపోవడం ఆ అధ్యయనానికి పెద్ద లోపం. అటువంటి పోలికతో వర్జీనియాలో పరిశోధించిన మేవిస్ హెదరింగ్టన్, తీవ్ర సమస్యలు విడాకుల కుటుంబాల పిల్లల్లో సుమారు 25 శాతం మందిలోనూ, ఇతర పిల్లల్లో 10 శాతం మందిలోనూ కనిపించాయని 2002లో ప్రకటించారు. నూటికి డెబ్బయి అయిదుగురు నిలదొక్కుకున్నారని ఈ అంకెలను చదవవచ్చు, ముప్పు రెట్టింపును మించిందనీ చదవవచ్చు; విడాకులను సమర్థించేవారూ నిరసించేవారూ తమకు అనువైన సగాన్నే ఉటంకిస్తూ రావడం ఈ రంగంలో పాత అలవాటు.

ఈ వాదానికి కొత్త మలుపు తెచ్చింది దీర్ఘకాలిక పరిశీలన, అంటే ఒకే పిల్లలను ఏళ్ల తరబడి వెంబడించి గమనించే పద్ధతి. బ్రిటన్‌లో 1958 మార్చిలో ఒక వారంలో పుట్టిన పిల్లల వివరాలను ఆండ్రూ చెర్లిన్ బృందం 1991లో విశ్లేషించినప్పుడు, పదకొండో ఏట విడాకుల ఫలితంగా కనిపించిన ప్రవర్తనా లోపాలు, చదువులో వెనుకబాటు, తల్లిదండ్రులు ఇంకా కలిసి ఉన్న ఏడో ఏటనే చాలావరకు, ముఖ్యంగా మగపిల్లల్లో, ఉన్నాయని తేలింది. పాల్ అమాటో, ఆయన సహచరులు 1995లో మరొక అడుగు ముందుకు వేసి, నిత్యం రగిలే ఇంట్లో విడాకులు పిల్లలకు ఊరటనిచ్చాయనీ, పైకి ప్రశాంతంగా ఉన్న ఇంట్లో హఠాత్తుగా వచ్చిన విడాకులే వారిని ఎక్కువగా దెబ్బతీశాయనీ చూపారు. గొడవలు విన్న పిల్లవాడికి విడిపోవడానికి కారణం అర్థమవుతుంది. ఏమీ వినని పిల్లవాడు ఆ కారణాన్ని తనలోనే వెతుక్కుంటాడు.

విడిపోయిన తర్వాత కూడా తగవు చల్లారకపోతే పిల్లలు విధేయతా సంఘర్షణకు, అంటే ఒకరిని ప్రేమించడం మరొకరికి ద్రోహమన్న భావనకు లోనవుతారు. ‘ఫీజు కట్టమని మీ నాన్నతో చెప్పు’ అని తల్లి, ‘ఇంటికి ఎవరెవరు వస్తున్నారు?’ అని తండ్రి అడిగే సందర్భాల్లో పిల్లవాడు వార్తాహరుడూ వేగులవాడూ అవుతాడు. కొంతకాలానికి ఏ ఇంట్లో ఏది చెప్పకూడదో నేర్చుకుని మాటలు తగ్గిస్తాడు, దానినే పెద్దలు ‘సర్దుకుపోయాడు’ అనుకుంటారు.

భారతదేశంలో ఈ సిద్ధాంతాలను అన్వయించేటప్పుడు మరొక తేడాను గుర్తించవలసి ఉంటుంది. 2011 జనాభా లెక్కల్లో విడాకులు పొందినవారు సుమారు 13.6 లక్షల మంది కాగా, విడాకులు లేకుండానే విడిగా ఉంటున్నవారు అందుకు రెండు రెట్లకు పైగా ఉన్నారు. ‘పుట్టింట్లోనే ఉండిపోయింది’, ‘ఏలుకోవడం లేదు’ అని తెలుగునాట చెప్పుకునే ఈ స్థితిలో భరణం కోరే వీలును చట్టం కల్పించినా, ఎవరూ కోర్టు గడప ఎక్కకపోతే పిల్లవాడు ఎవరి దగ్గర ఉండాలో, ఖర్చు ఎవరు భరించాలో నిర్ణయించే ఉత్తర్వే ఉండదు. అంతా పెద్దమనుషుల మాట మీద, తాతయ్య పింఛను మీద నడుస్తుంది. డిక్రీ తేదీతో మొదలయ్యే పరిశోధన ఈ పిల్లలను చూడనే చూడదు.

కోర్టుకు చేరిన వివాదాల్లో 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం అయిదేళ్లలోపు బిడ్డ సాధారణంగా తల్లి దగ్గర ఉండాలంటుంది, ఏ వయసులోనైనా బిడ్డ సంక్షేమమే ప్రధానమంటుంది. ఊహ తెలిసిన మైనరు ఇష్టాన్ని న్యాయస్థానం పరిగణించవచ్చని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం చెబుతుంది కనుక, న్యాయమూర్తి బిడ్డను ఛాంబర్‌కు పిలిపించి విడిగా మాట్లాడడం పరిపాటి. ఉద్దేశం మంచిదే అయినా, చేరదీయవలసిన బిడ్డను సాక్షిగా మార్చే ప్రమాదం ఇందులో లేకపోలేదు. తెలుగు ఇళ్లలో పసివాణ్ణి ఒడిలో కూర్చోబెట్టుకుని ‘అమ్మ కావాలా, నాన్న కావాలా?’ అని ఆటపట్టిస్తారు, వాడు ‘ఇద్దరూ’ అంటే అందరూ నవ్వుతారు. ఛాంబర్‌లో ఎదురయ్యేదీ అదే ప్రశ్న. అక్కడ ‘ఇద్దరూ’ అన్న జవాబుకు చోటు కల్పించేలా ఉమ్మడి కస్టడీని చట్టంలో చేర్చాలని లా కమిషన్ 2015లో తన 257వ నివేదికలో సిఫార్సు చేసింది.