ఎం.ఎస్. అంటే ఏమిటి?

మన అల్ రాయ్ పారిశ్రామిక వాడలో ఇనుప పని చేసేవారికి ఎం.ఎస్. అంటే మైల్డ్ స్టీల్. మన దేశంలో పెట్రోలు బంకు లెక్కల్లో అదే ఎం.ఎస్. మోటార్ స్పిరిట్, అంటే పెట్రోలే. ఇంట్లో పెద్దవాళ్ళనడిగితే మాత్రం ఎమ్మెస్ అంటే సుబ్బులక్ష్మి గారు, 1963లో రికార్డయిన సుప్రభాతం. ఆ పొడి అక్షరాల్లో మొదటిది మదురై. రెండోది ఆమె తల్లి, వీణ విద్వాంసురాలు షణ్ముఖవడివు. అమ్మ పేరును ఇంటిపేరులా మోసేవారు మనలో ఎందరున్నారు చెప్పండి!

ఇంతవరకూ పొరపాటు పడినా ప్రాణం మీదికి రాదు. చిక్కంతా మా వైద్యుల దగ్గరే. డాక్టరు పేరు పక్కనుంటే అది శస్త్రవైద్యంలో పట్టా. రోగి కాగితం మీద ఉంటేనో?

పాశ్చాత్యులకు అది మల్టిపుల్ స్క్లిరోసిస్. మెదడులో, వెన్నుపాములో నరాల పైపొర అక్కడక్కడా దెబ్బతిని మచ్చకట్టే ఈ జబ్బును 1868లో పారిస్‌లో షార్కో వివరించాడు. మన దేశంలో చదువుకున్నవారికి ఎం.ఎస్. అనగానే ముందు తట్టేది మైట్రల్ స్టెనోసిస్. పసితనంలో గొంతునొప్పి, వెంట కీళ్ళవాత జ్వరం, కొన్నేళ్ళకు గుండె ఎడమవైపు కవాటం అతుక్కుపోయి దారి ఇరుకు కావడం. ఇరుకు ఇళ్ళు, అందని పెన్సిలిన్ దీనికి తోడు. మన దేశంలో ఇది ఇరవై ఏళ్ళు నిండకుండానే ముదురుతోందని డాక్టర్ సుజయ్ రాయ్ బృందం 1963లో లాన్సెట్ పత్రికలో రాసింది.

దీని చికిత్స కథ వింతైనది. 1923లో బోస్టన్‌లో కట్లర్ కత్తితో కవాటాన్ని కోశాడు. 1925లో లండన్‌లో సౌటర్ తన వేలినే గుండెలోకి దూర్చి దారి వెడల్పు చేశాడు. అమ్మాయి బతికింది, అయినా ఆయన దగ్గరికి మరో రోగిని ఎవరూ పంపలేదు! 1948లో అమెరికాలో బెయిలీ, హార్కెన్ మళ్ళీ మొదలుపెట్టేదాకా ఆ విద్య మూలనపడింది. 1984లో జపాన్ వైద్యుడు ఇనోవే ఛాతీ కోయకుండా బెలూన్‌తో కవాటాన్ని తెరిచే పద్ధతిని ప్రకటించాడు.

కవాటం ఇరుకైన గర్భిణికి సెలైన్ కాస్త ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. నరాల జబ్బున్న గర్భిణికి ఆ జబ్బు వల్ల ఆ భయం లేదు. కాగితం మీద ఇద్దరికీ ఉన్నవి ఆ రెండక్షరాలే. మందుల చీటీలో అవే మార్ఫిన్ సల్ఫేటో, మెగ్నీషియం సల్ఫేటో తేలక, 2004లో అమెరికా ఆస్పత్రుల ప్రమాణాల సంస్థ వాటిని రాయకూడని మాటల పట్టీలో చేర్చింది.

అమ్మానాన్నలను ఇక్కడికి రప్పించుకునేవారు వారి పాత కాగితాలు ఒకసారి చూడండి. ఎం.ఎస్. అని కనబడితే, బయలుదేరే ముందే అక్కడి డాక్టరు గారి చేత జబ్బు పేరు పూర్తిగా రాయించమనండి.