కారం తక్కువ, కమ్మదనం ఎక్కువ: ఇంట్లోనే చికెన్ ఖుర్మా

గుంటూరు, వరంగల్ మిర్చి పండే నేల మీద కారం లేని కూర అంటే చాలామందికి చప్పిడి కూర అనే గుర్తొస్తుంది. జ్వరం వచ్చిన వాళ్లకో, చంటి పిల్లలకో వండే కూర అనుకుంటారు. అందుకే చాలా ఇళ్లలో చికెన్ వండిన రోజు రెండు గిన్నెలు పొయ్యి మీదికి ఎక్కుతాయి. ఒకటి అందరికీ కారంగా, ఇంకోటి పిల్లలకీ, కడుపులో మంటతో బాధపడే నానీకీ, దాదీకీ విడిగా. ఆ రెండో గిన్నెలో సాధారణంగా పసుపు, ఉప్పు, నీళ్లు తప్ప ఏమీ ఉండవు. తినేవాళ్లకు ఇష్టం ఉండదు, వండేవాళ్లకు పని రెట్టింపు.

ఈ ఇబ్బంది లేకుండా దస్తర్‌ఖాన్ మీద చిన్నా పెద్దా అందరూ ఒకే గిన్నెలోంచి తినగలిగే కూర చికెన్ ఖుర్మా. ఇందులో మిరపకారం చేసే పనిని పెరుగు, వేయించిన ఉల్లి, జీడిపప్పు, యాలకులు చేస్తాయి. కారం తగ్గించినంత మాత్రాన ఖుర్మా రాదు, కారం తీసిన చోట ఏదో ఒకటి నింపాలి. ఈ ఒక్క విషయం అర్థమైతే మిగతా వంట తేలిక.

ఖుర్మా అంటే ఏమిటి?

ఉర్దూలో ఖోర్మా అనే మాటకు మూలం తుర్కీ భాషలోని కవుర్మా. వేయించడం అని దాని అర్థం. మాంసాన్ని నెయ్యిలో మసాలాలతో వేయించి, పెరుగు పోసి, సన్నని మంట మీద మూతపెట్టి మగ్గించే పద్ధతికి ఆ పేరు వచ్చింది. మిరపకాయ అమెరికా ఖండాల పంట. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వర్తకుల ద్వారా మన దేశానికి వచ్చింది. అంతకుముందు ఇక్కడి వంటల్లో ఘాటు కోసం మిరియాలు, అల్లం వంటివి వాడేవారు. కాబట్టి ఎండుకారం లేకుండా మంచి మాంసం కూర వండడం కొత్త సంగతేమీ కాదు.

ఈ పేరుతో ఇప్పుడు వేర్వేరు కూరలు ఉన్నాయి. లక్నో, దిల్లీ, హైదరాబాద్ ఇళ్లలో ఖుర్మా అంటే పెరుగు, వేయించిన ఉల్లిపాయలతో చేసేది. మన టిఫిన్ హోటళ్లలో పరోటాతో పెట్టే కుర్మాలో కొబ్బరి, గసగసాలు ఎక్కువ. బ్రిటన్‌లోని ఇండియన్ రెస్టారెంట్లలో కోర్మా అంటే క్రీమ్, కొబ్బరి, కొంచెం తీపి ఉన్న మెత్తటి కూర. ఇక్కడ చెప్పేది మొదటి రకం.

కావలసినవి (ఆరుగురికి)

- ఎముకతో ఉన్న చికెన్ ముక్కలు: 1 కిలో
- మీగడతో ఉన్న తియ్యటి పెరుగు: 250 గ్రాములు
- ఉల్లిపాయలు: 4 మధ్యస్థమైనవి (సుమారు 350 గ్రాములు)
- అల్లం వెల్లుల్లి ముద్ద: 2 టేబుల్ స్పూన్లు
- జీడిపప్పు: 25 పలుకులు
- గసగసాలు: 1 టేబుల్ స్పూను
- నూనె: ఉల్లిపాయలు వేయించడానికి సరిపడా
- నెయ్యి: 1 టేబుల్ స్పూను
- యాలకులు 5, లవంగాలు 4, దాల్చిన చెక్క 2 చిన్న ముక్కలు, బిర్యానీ ఆకు 1, షాజీరా అర టీ స్పూను
- ధనియాల పొడి: 2 టీ స్పూన్లు
- తెల్ల మిరియాల పొడి: అర టీ స్పూను
- పచ్చిమిర్చి: 3 (కోయకుండా)
- శనగపిండి: 1 టీ స్పూను
- ఉప్పు: ఒకటిన్నర టీ స్పూను, తర్వాత రుచి చూసి
- ఇష్టమైతే పాలలో నానబెట్టిన కుంకుమపువ్వు, లేదా రెండు చుక్కల కేవ్‌డా

ఎముక లేని ముక్కలతో కూడా చేయవచ్చు గానీ ఎముకతో ఉడికిన కూరకే చిక్కదనం, రుచి వస్తాయి. కడిగిన తర్వాత నీళ్లు పూర్తిగా వాడ్చాలి. ముక్కల్లో నీళ్లు మిగిలితే వేగాల్సిన చికెన్ ఉడకడం మొదలుపెడుతుంది. కడిగేటప్పుడు కుళాయి వేగంగా తిప్పకూడదు. పచ్చి చికెన్ నీళ్లు చుట్టుపక్కల గిన్నెల మీద, కూరగాయల మీద చిందుతాయి.

వండే విధానం

1. చికెన్‌కు అల్లం వెల్లుల్లి ముద్ద, ఉప్పు పట్టించి అరగంట ఉంచాలి. అంతకంటే ఎక్కువసేపు ఉంచాలంటే ఫ్రిజ్‌లో పెట్టాలి.

2. జీడిపప్పు, గసగసాలు విడివిడిగా గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టాలి. ముందు గసగసాలను కొద్ది నీళ్లతో రుబ్బి, తర్వాత జీడిపప్పు వేసి వెన్నలా మెత్తగా రుబ్బాలి. పలుకులు మిగిలితే కూర గరుకుగా తగులుతుంది.

3. ఉల్లిపాయలను ఒకే మందంలో సన్నగా తరిగి, మధ్యస్థ మంట మీద 12 నుంచి 15 నిమిషాలు వేయించాలి. లేత బంగారు రంగు రాగానే తీసి పళ్లెంలో పరచాలి. తీసిన తర్వాత కూడా సొంత వేడికి అవి ఇంకాస్త ముదురుతాయి. పొయ్యి మీదే ఎర్రగా అయ్యేదాకా ఉంచితే పళ్లెంలోకి వచ్చేసరికి మాడి, కూరంతా చేదెక్కుతుంది. చల్లారాక చేత్తో నలపాలి.

4. అదే నూనెలో నాలుగు టేబుల్ స్పూన్లు ఉంచి మిగతాది తీసేయాలి. నెయ్యి కలిపి, షాజీరా, బిర్యానీ ఆకు, యాలకులు, లవంగాలు, చెక్క వేయాలి. వాసన రాగానే చికెన్ వేసి, పచ్చి రంగు పోయేదాకా ఆరేడు నిమిషాలు వేయించాలి.

5. మంట బాగా తగ్గించాలి. పెరుగులో శనగపిండి, ధనియాల పొడి, తెల్ల మిరియాల పొడి వేసి చిలికి, మూడు విడతలుగా పోయాలి. పోసిన ప్రతిసారీ ఆపకుండా కలుపుతూ, అది కూరలో కలిసిపోయాకే తర్వాతి విడత పోయాలి.

6. నలిపిన ఉల్లి, కోయని పచ్చిమిర్చి వేసి మూతపెట్టి 15 నిమిషాలు సన్నని మంట మీద మగ్గనివ్వాలి. అంచుల్లో నూనె తేలడం కనిపించాలి.

7. జీడిపప్పు ముద్ద, ఒక కప్పు వేడి నీళ్లు పోసి మరో 8 నుంచి 10 నిమిషాలు ఉంచాలి. ముద్ద పడ్డాక అడుగంటడం త్వరగా జరుగుతుంది, అందుకే రెండు నిమిషాలకోసారి గరిటెతో అడుగు దాకా కలపాలి. చల్లనీళ్లు పోయకూడదు.

8. పొయ్యి ఆర్పి కుంకుమపువ్వు పాలు లేదా కేవ్‌డా వేసి, మూతపెట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. అప్పుడే నెయ్యి పైకి తేలి, మసాలా ముక్కలకు పడుతుంది.

ముక్క లోపలి భాగం 74 డిగ్రీల సెల్సియస్ వేడికి చేరితే చికెన్ సురక్షితంగా ఉడికినట్లు. ఇంట్లో థర్మామీటర్ లేకపోతే పెద్ద ముక్కను ఎముక దాకా విడదీసి చూడాలి. మాంసం ఎక్కడా పచ్చిగా, జిగురుగా ఉండకూడదు. నాటుకోడి అయితే ఈ సమయం చాలదు. నాలుగో దశ తర్వాత నీళ్లు పోసి ముక్క మెత్తబడేదాకా విడిగా ఉడికించి, నీళ్లు ఇంకాకే పెరుగు పోయాలి.

పెరుగు ఎందుకు విరుగుతుంది?

ఖుర్మాలో ఎక్కువమంది భయపడేది దీనికే. పెరుగులో కేసీన్ అనే ప్రోటీన్ ఉంటుంది. పులుపు, వేడి రెండూ ఒకేసారి ఎక్కువైతే అది ముద్దలుగా గట్టిపడి, నీరు విడిపోతుంది. అప్పుడు కూర పలుకులు పలుకులుగా కనిపిస్తుంది. రుచి పూర్తిగా పోదు గానీ క్రీమ్‌లాంటి నునుపు రాదు.

జాగ్రత్తలు చిన్నవే. పుల్లబడిన పెరుగు వాడకూడదు. ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగును అరగంట బయట ఉంచాలి. మీగడ తీసిన పెరుగు కంటే మీగడతో ఉన్నది వేడిని బాగా తట్టుకుంటుంది. ఒక చెంచా శనగపిండి కలిపితే అందులోని పిండిపదార్థం ప్రోటీన్ ముద్దలు కట్టకుండా అడ్డుపడుతుంది. ఇన్ని చేసినా విరిగితే, ముక్కలు పక్కకు తీసి, మసాలా ఆకులు, చెక్క ఏరేసి, గ్రేవీ చల్లారాక జీడిపప్పు ముద్దతో కలిపి మిక్సీలో ఒకసారి తిప్పి మళ్లీ పోయవచ్చు.

కారం అదుపు

పచ్చిమిర్చి ఘాటు ఎక్కువగా ఉండేది గింజల్లో కాదు, గింజలు అంటుకుని ఉండే లోపలి తెల్లటి పొరలో. మిర్చిని కోయకుండా, చీల్చకుండా వేస్తే వాసన వస్తుంది గానీ ఘాటు పెద్దగా దిగదు. వడ్డించే ముందు వాటిని తీసేస్తే పిల్లల పళ్లెంలోకి పొరపాటున వెళ్లవు. ఏడాది రెండేళ్ల పిల్లలుంటే మిర్చి, మిరియాల పొడి రెండూ మానేసి యాలకుల మీదే నడిపించవచ్చు.

కారం కావాలనే వాళ్లు ఎలాగూ ఉంటారు. వాళ్లకు మిర్చీ కా సాలన్, నూనెలో వేయించిన పచ్చిమిర్చి, లేదా నిమ్మకాయ పిండిన ఉల్లిపాయ ముక్కలు పక్కన పెడితే సరిపోతుంది. కారం పళ్లెంలో కలుపుకోవచ్చు, గిన్నెలో పడ్డాక తీయలేం.

జీడిపప్పు, గసగసాలకు బదులు

శ్రీకాకుళం జిల్లా పలాస జీడిపప్పుకు పేరు. కూరకు నిండు పలుకులు అక్కర్లేదు, తక్కువ ధరకు దొరికే ముక్కలు, బద్దలు చాలు. అదీ భారమనిపిస్తే చార్‌మగజ్ వాడవచ్చు. పుచ్చ, ఖర్బూజా, దోస, గుమ్మడి గింజల పప్పునే ఆ పేరుతో అమ్ముతారు. హైదరాబాదీ వంటల్లో వాడే సారపప్పు, అంటే చిరోంజీ, కూడా బాగుంటుంది. తొక్క తీసిన బాదం వేస్తే రంగు ఇంకా తెల్లగా వస్తుంది. ఇంటికి వచ్చే అతిథుల్లో ఎవరికైనా జీడిపప్పు, బాదం పడవని తెలిస్తే అవి పూర్తిగా మానేయాలి. వడ్డించే ముందు ఆ మాట అడగడం మంచిది.

గసగసాల విషయంలో గల్ఫ్‌లో ఉన్న కుటుంబాలు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. గసగసాలు నల్లమందు మొక్క గింజలు. మన దగ్గర కిరాణా కొట్టులో మామూలుగా దొరుకుతాయి గానీ యూఏఈ, సౌదీ అరేబియాలో వాటిపై నిషేధం ఉంది. కొడుక్కో, అల్లుడికో ప్రేమగా కట్టిచ్చే మసాలా పొట్లంలో అవి ఉంటే విమానాశ్రయంలో పెద్ద కేసు అవుతుంది. రుబ్బిన, పొడి కొట్టిన మసాలాలోనూ ఉండకూడదు. అక్కడ వండుకునేవాళ్లు జీడిపప్పు కొంచెం పెంచితే గసగసాలు లేని లోటు తెలియదు.

కడుపుకు తేలికేనా?

కారం లేదు కాబట్టి ఎంతైనా తినవచ్చు అనుకోకూడదు. జీడిపప్పు బరువులో సుమారు 44 శాతం కొవ్వే. దానికి నెయ్యి, నూనె, పెరుగు మీగడ తోడవుతాయి. అందుకే పైన చెప్పిన కొలతలో క్రీమ్ లేదు. ముద్ద మెత్తగా రుబ్బితే క్రీమ్ అవసరం రాదు. గుండె జబ్బు, కొలెస్ట్రాల్, కిడ్నీ సమస్యలు ఉన్నవాళ్లకు ముక్కలు వడ్డించి, పైన తేలిన నూనె తీసేసి, గ్రేవీ తగ్గించాలి. రంజాన్‌లో సహరీకి వండితే ఉప్పు కాస్త తగ్గించడం మేలు. ఉప్పు ఎక్కువైతే పగలంతా దాహం వేస్తుంది.

దేనితో తినాలి, ఎలా దాచాలి

బగారా అన్నం, పుల్కా, పరోటా, తందూరీ రోటీ, షీర్‌మాల్ అన్నిటితో సరిపోతుంది. తెల్ల అన్నంతో తినాలంటే చివర్లో అర కప్పు వేడి నీళ్లు ఎక్కువ పోస్తే చాలు.

మిగిలిన కూరను రెండు గంటల్లోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. వేసవిలో ఇంకా త్వరగా పెట్టాలి. రెండు రోజుల్లో తినేయాలి. ఫ్రిజ్‌లో గ్రేవీ గట్టిపడుతుంది, కాబట్టి కావలసినంతే తీసి, కొద్దిగా వేడి నీళ్లు పోసి, సన్నని మంట మీద బుడగలు వచ్చేదాకా వేడి చేయాలి. పెద్ద మంట పెడితే ముందురోజు విరగని పెరుగు మర్నాడు విరుగుతుంది. దావత్‌కు వండేవాళ్లు ఉల్లిపాయలు వేయించడం, జీడిపప్పు ముద్ద రుబ్బడం ముందురోజే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే, అతిథులు వచ్చే రోజు గంటలో కూర పూర్తవుతుంది.