డెల్టా జబ్బుకు పెర్ల్ రివర్‌లో దొరికిన మందు

బెజవాడ వన్ టౌన్ పాత వీధుల్లో పెరిగినవాళ్లకు బోదకాలు ఎలా ఉంటుందో వర్ణించి చెప్పక్కర్లేదు. కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల, చిట్టినగర్ గల్లీల్లో, పంచె కింద స్తంభంలా బిగిసిన కాలితో అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్లు ఒకప్పుడు తరచుగా కనబడేవారు. ప్రాణం తీసే జబ్బు కాదు. పని తీస్తుంది, నడక తీస్తుంది. వాన పడిన రాత్రి చలిజ్వరం తెస్తుంది. పెళ్లి సంబంధాలు మాట్లాడేవాళ్లు ఆ ఇంట్లో ఎవరికైనా కాలుందా అని గుట్టుగా వాకబు చేసేవారు.

కృష్ణ మీద ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ బెజవాడ మీదుగా డెల్టాలోకి సాగాయి. నీళ్లు వచ్చాయి, వరి వచ్చింది, వ్యాపారం వచ్చింది. ఇంద్రకీలాద్రికీ నదికీ మధ్య ఉన్న కాస్త జాగాలో ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని లేచాయి. వాడిన నీళ్లు బయటికి పోయే దారి మాత్రం అంత తొందరగా రాలేదు. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగును మోసే క్యూలెక్స్ దోమకు పారే కాలువతో పనిలేదు. మురుగు నిలిచిన సైడు కాలువ, మూత సరిగా లేని సెప్టిక్ ట్యాంకు, పెరట్లో స్నానాల నీళ్ల గుంట దానికి చాలు. కోస్తాలో ఊరు తర్వాత ఊరికి బోదకాలు పట్టడానికి ఇదే పెద్ద కారణం.

దారాల్లాంటి ఈ పురుగులు మనిషి శోషరస నాళాల్లో చేరి నాలుగైదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం బతుకుతాయి. వాటి పిల్లలు లక్షల్లో రక్తంలోకి వస్తాయి, అది కూడా దోమ కుట్టే రాత్రివేళ. అందుకే ఫైలేరియా సిబ్బంది ఎనిమిది దాటాక సూదీ, గాజు పలకలూ పట్టుకుని తలుపు తట్టేవారు. పట్టపగలు తీసిన రక్తంలో ఏమీ కనబడదు. దోమే ఈ పురుగుకు వాహనమని 1877లో చైనాలోని అమోయ్ రేవులో ప్యాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు కనిపెట్టాడు. అప్పటినుంచి డెబ్బై ఏళ్ల పాటు రోగం తెలుసు, దారి తెలుసు, మందు లేదు. ఆర్సెనిక్, యాంటిమొనీ సూదిమందులు వేసి చూశారు. అవి పురుగుతోపాటు మనిషినీ బాధపెట్టే మందులు.

ఆ డెబ్బై ఏళ్ల వెలితి పూడ్చిన బృందాన్ని నడిపినవాడు మనవాడు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. కృష్ణా గోదావరి కాలువల మధ్య ఊళ్లలో పుట్టినవాడికి బోదకాలు పుస్తకంలో చదివి తెలుసుకోవాల్సిన జబ్బు కాదు.

ఆయన పేరు చెప్పగానే మనం కేన్సరుకు మెథోట్రెక్సేట్ అంటాం, ఆరియోమైసిన్ అంటాం, ఫోలిక్ యాసిడ్ అంటాం, కండరాల్లోని ఏటీపీ అంటాం. అన్నీ నిజమే. కానీ ఆ వరస చివర, చాలాసార్లు అసలు లేకుండా, హెట్రజాన్ అనే పేరుంటుంది. ఆయన చేయించిన మందుల్లో ఆయన సొంత డెల్టాలో ఎక్కువ ఇళ్ల గడప తొక్కింది ఇదేనని నేను నమ్ముతాను. అందుకే మిగతావాటిని పక్కనపెట్టి దీని కథ చెబుతున్నాను.

రాజమండ్రిలో మొదలైన ఆయన చదువు మద్రాసు హిందూ హైస్కూల్లో మూడో ప్రయత్నంలో మెట్రిక్‌ దాకా వచ్చింది. తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీ. ఖద్దరు కట్టుకుని ఆపరేషన్ గదిలోకి వెళ్లినందుకు శస్త్రచికిత్స ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది, చేతికి ఎంబీబీఎస్‌కు బదులు అంతకన్నా తక్కువ స్థాయి పట్టా ఎల్ఎంఎస్ వచ్చింది. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. తనకూ అదే పట్టుకుంటే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డాడు. మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం కలిసి 1923 అక్టోబరులో బోస్టన్ చేరాడు. చేరింది హార్వర్డ్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో. అంటే ఆయన బయల్దేరింది మన దేశపు జబ్బుల కోసమే. పొట్ట గడవక రాత్రిళ్లు ఆసుపత్రిలో పోర్టరు పని చేశాడు. తర్వాత పదిహేనేళ్లకు పైగా జీవరసాయన శాస్త్రం ఆయన్ని తన వెంట తీసుకుపోయింది. తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి చేసిన ఫాస్ఫరస్ కొలత, ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ ఇవన్నీ ఆ కాలానివి. హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం మాత్రం దొరకలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లాడు, కొద్దికాలానికే పరిశోధన మొత్తానికి డైరెక్టరయ్యాడు.

ఫైలేరియాను ఆయన బల్ల మీదికి తెచ్చింది రెండో ప్రపంచ యుద్ధం. సమోవా లాంటి పసిఫిక్ దీవుల్లో దిగిన అమెరికన్ సైనికుల్లో కొన్ని నెలలకే చేతులు, గజ్జలు, వృషణాలు వాచాయి. దీవుల్లో కాళ్లు ఏనుగుకాళ్లైన మనుషులను కళ్లారా చూసిన కుర్రాళ్లు తమకూ అదే గతి పడుతుందని హడలిపోయారు. వేలమందిని వెనక్కి పంపాల్సి వచ్చింది. నిజానికి వాళ్లలో చాలామందికి ఒంట్లో పురుగులు తక్కువే, వెనక్కి వచ్చాక తగ్గిపోయింది. కానీ మందు కావాలన్న గొడవ అప్పుడు మొదలైంది. మన ఊళ్లలో తరతరాలుగా ఉన్న బాధకు లేని తొందర అక్కడ పుట్టిందన్నది చేదు నిజం. ఆ తొందరలోంచి వచ్చిన మందు మనకూ దక్కిందన్నది కూడా నిజమే.

మందు వెతకాలంటే ముందు రోగమున్న జంతువు కావాలి. మనిషి ఫైలేరియా పురుగు మామూలు ప్రయోగశాల జంతువుల్లో బతకదు. అమెరికా దక్షిణాది పొలాల్లో తిరిగే కాటన్ ర్యాట్ అనే ఎలుక ఛాతీలో దీనికి చుట్టమైన పురుగు ఒకటి సహజంగానే ఉంటుంది. దాన్ని దోమ కాదు, ఎలుక ఒంటిమీది సన్నని మైట్ మోస్తుంది. లెడర్లీలో రెజినాల్డ్ హెవిట్, ఆయన తోటివాళ్లు ఆ ఎలుకలకు మందు ఇచ్చి, చుక్క రక్తం తీసి, సూక్ష్మదర్శిని కింద పురుగు పిల్లల్ని లెక్కపెట్టేవారు. మందుకు ముందు ఎన్ని, తర్వాత ఎన్ని. శామ్యూల్ కుష్నర్, ఇతర రసాయన శాస్త్రవేత్తలు అణువులో ఒక మూల మార్చి మరో పదార్థం ఇస్తే, మళ్లీ ఎలుకలు, మళ్లీ లెక్క. ఇందులో మెరుపులాంటి క్షణాలు తక్కువ. ఇంత విసుగు పనిని ఆపకుండా నడిపించడం, ఎవరి చేతికి ఏ పని ఇస్తే తేలుతుందో పసిగట్టడం సుబ్బారావు ప్రతిభ.

వాళ్లు చివరికి పైపరజీన్ అనే ఉంగరం ఆకారపు అణువు దగ్గర ఆగారు. తర్వాతి కాలంలో ఏలికపాములకు మన పిల్లలకు పట్టిన తియ్యటి సిరప్‌లో ఉన్నదీ పైపరజీనే. దానికి ఒక పక్క మిథైల్, రెండో పక్క డైఇథైల్ కార్బమైల్ చేర్చితే వచ్చిందే డైఇథైల్ కార్బమజీన్, పొట్టిగా డీఈసీ. కంపెనీ పెట్టిన పేరు హెట్రజాన్. సూది అక్కర్లేదు, నోటితో మింగొచ్చు. ఎలుకల్లోనూ కుక్కల్లోనూ రక్తంలోని పురుగు పిల్లలు త్వరగా మాయమయ్యాయి. 1947లో వచ్చిన ఆ వ్యాసం మీద ఆరు పేర్లున్నాయి. సుబ్బారావు పేరు ఆఖరిది. అదే ఏడాది ప్యూర్టో రికోలో రోగులకిచ్చి చూస్తే అక్కడా అదే ఫలితం.

ఈ కథలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆపే చోటు ఒకటుంది. గాజుగొట్టంలో పురుగు పిల్లల మీద డీఈసీ పోస్తే అవి దాదాపు ఏమీ కానట్టు కదులుతూనే ఉంటాయి. ఒంట్లోకి వెళ్తేనే పని చేస్తుంది. పురుగును మన రక్షణ కణాల చేతికి చిక్కేలా చేస్తుంది, చంపేది ఎక్కువగా ఆ కణాలే. ఖర్చు తగ్గుతుందని ఎవరైనా గాజుగొట్టాల పరీక్షతో సరిపెట్టి ఉంటే ఈ మందు ఆనాడే చెత్తబుట్టలోకి పోయేది. రోగమున్న ప్రాణిలోనే పరీక్షించాలన్న పట్టుదలే దాన్ని కాపాడింది.

1948 ఆగస్టు 8 రాత్రి సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. యాభై మూడేళ్లు. పాతికేళ్ల కిందట వదిలిన దేశానికి మళ్లీ రాలేదు.

మందు వచ్చింది. 1955లో భారత ప్రభుత్వం జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టి, ఊళ్లకు ఊళ్లు డీఈసీ మింగించబోయింది. అది చాలాచోట్ల సాగలేదు. పురుగులు చచ్చేకొద్దీ ఒంట్లో వేడి, తలనొప్పి, వాంతులు వస్తాయి. ఏ జబ్బూ లేదనుకున్న మనిషి మాత్ర వేసుకుని జ్వరపడితే మర్నాడు వీధి వీధంతా మాత్రలు పారేస్తుంది. జ్వరం వచ్చిందంటే ఒంట్లో పురుగులున్నట్టే, మాత్ర పనిచేసినట్టే అన్న ముక్క చెప్పేవాళ్లు చాలినంతమంది లేరు. దాంతో మూకుమ్మడి మాత్రలు వెనక్కిపోయి, మురుగు మీద నూనె చల్లడం, రాత్రి రక్తపరీక్షలు మిగిలాయి. ఆ పనివాళ్లకు తర్ఫీదు ఇచ్చే ప్రాంతీయ ఫైలేరియా కేంద్రాల్లో ఒకటి రాజమండ్రిలోనే వెలిసింది. చైనా వేరే దారి పట్టింది. డీఈసీని వంట ఉప్పులో కలిపి నెలల తరబడి తినిపించింది. కొద్దికొద్దిగా తింటే జ్వరాలు తక్కువ. ఫైలేరియా నిర్మూలన సాధించిన దేశంగా 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందింది.

మన దగ్గర 2004 నుంచి ఏడాదికొక్కసారి అందరికీ మాత్రలు పంచే పద్ధతి వచ్చింది, కొన్నేళ్లకు ఆల్బెండజోల్ తోడైంది. పెద్ద పురుగు బతికినన్నేళ్లూ దాని పిల్లల్ని ఏటా ఊడ్చేస్తే దోమకు మోయడానికి ఏమీ ఉండదన్నది లెక్క. అందుకే జబ్బు లేనివాళ్లు కూడా మింగాలి. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, బాగా జబ్బుగా ఉన్నవాళ్లకు ఇవ్వరు. ఖాళీ కడుపున వేసుకోకూడదు. ఆశా కార్యకర్త ఎదుట నిలబడి మింగమనేది, చేతిలో పెట్టి వెళ్తే అల్మరాలో ఉండిపోతాయనే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్వారా దేశాలకు ఉచితంగా వెళ్తున్న డీఈసీ మాత్రల్ని జపాన్ కంపెనీ ఐసాయి విశాఖపట్నం ఫ్యాక్టరీలో తయారుచేస్తోంది. వాటి నాణ్యతకు 2013లో ఆ సంస్థ ఆమోదం దొరికింది. భీమవరం మనిషి పెర్ల్ రివర్‌లో నడిపించిన పని, భీమవరం నుంచి ఒక పూట రైలు ప్రయాణమంత దూరంలో మాత్రగా అచ్చుపడి ఆఫ్రికాకూ పసిఫిక్ దీవులకూ వెళ్తోంది.

ఈ మాత్రకు చేతకానిది కూడా చెప్పాలి. ఒకసారి పూర్తిగా వాచి బిగిసిన కాలిని ఇది మళ్లీ మామూలు చేయదు. ఆ కాలికి కావలసింది రోజూ సబ్బుతో శుభ్రంగా కడగడం, వేళ్ల సందులు తడి లేకుండా తుడవడం, పుండు పడితే వెంటనే మందు రాయడం, పడుకున్నప్పుడు కాలు ఎత్తుగా పెట్టుకోవడం. చలిజ్వరాలు చాలావరకు ఆ పుండ్లలోంచి దూరే సూక్ష్మజీవుల వల్లే వస్తాయి, కాబట్టి ఆ కడుగుడుతోనే తగ్గుతాయి. పాత వీధుల్లో ఇప్పటికీ ఆ కాలితో బతుకుతున్న పెద్దవాళ్లున్నారు. ఏటా మాత్రలు పంచే చేతులే వాళ్లకొక బకెట్టు, టబ్బు, సబ్బు, తువ్వాలు కూడా ఇచ్చి, కాలు కడుక్కోవడం కూర్చుని చూపించి వెళ్లాలి.