గిల్టు తొట్టి, ప్రయోగశాల: బందరులో విద్యుద్రసాయన విద్యకు చారిత్రక నేపథ్యం

ఉపోద్ఘాతం

విద్యుద్రసాయన మెళకువలను కార్యశాలలో స్వయంగా చేసి నేర్వడం ఇటీవలి బోధనా పద్ధతిగా కనిపిస్తుంది. కాని మచిలీపట్నంలో దీనికి పూర్వరంగం ఉంది. చిలకలపూడి గిల్టు నగల పరిశ్రమ, 1910లో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల అందులో రెండు పాయలు. ఈ రెండింటి కోణం నుంచి నేటి కార్యశాల ప్రయోజనాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

పేరు నిలిచింది, ప్రక్రియ మారింది

‘రోల్డ్ గోల్డ్’ నిజానికి యాంత్రిక ప్రక్రియ. చౌక లోహంపై పలుచని బంగారు రేకును వేడిమితో, ఒత్తిడితో అతికించి సాగదీస్తారు. విద్యుత్ లేపనం ఇందుకు భిన్నం. ఇందులో ద్రావణంలోని బంగారం ఋణధ్రువంగా అమర్చిన నగపై పొరగా పేరుకుంటుంది. వోల్టా 1800లో విద్యుత్ ఘటమాలను ప్రకటించగా, 1805లో బ్రుగ్నటెల్లి దానితో బంగారు పూత పూశాడు. 1840లో బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎల్కింగ్టన్‌లు పేటెంటు పొందాక, సైనైడ్ ద్రావణాలతో ఇది పరిశ్రమగా ఎదిగింది. చిలకలపూడిలో విద్యుత్ లేపనం ప్రవేశించాక కూడా వాడుకలో ‘రోల్డ్ గోల్డ్’ అన్న పేరే నిలిచింది. కనుక కేవలం పేరును నమ్ముకొనే చరిత్ర రచన ఈ సాంకేతిక పరిణామాన్ని గుర్తించలేదు.

ఫారడే నియమం ప్రకారం సైనైడ్ ద్రావణంలో ఒక ఆంపియర్ విద్యుత్తు ఒక నిమిషంలో గరిష్ఠంగా 0.12 గ్రాముల బంగారాన్ని నిక్షేపిస్తుంది. అనుభవజ్ఞుడైన పనివాడు ఈ లెక్క వేయకపోయినా, రంగు చూసి, కాలం గమనించి పూతను అంచనా కట్టగలడు.

చేతిపనికి విద్యలో చోటు

వందేమాతరం ఉద్యమ ప్రేరణతో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య స్థాపించిన జాతీయ కళాశాల చదువుతోపాటు చేతిపనులకూ స్థానం కల్పించింది. అక్కడ విద్యుత్ లేపనం బోధించారని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. చేయి నేర్చినదీ జ్ఞానమేనన్న ఆ సంస్థ దృష్టి ఇక్కడ ముఖ్యం.

కార్యశాల నేర్పేది

సైక్లిక్ వోల్టామెట్రీ అభ్యసించే విద్యార్థి మొదట ఎలక్ట్రోడును అల్యూమినా పొడితో మెరుగుపెట్టాలి. ఒక ఎలక్ట్రాను మార్పిడి జరిగే ఆదర్శ ఉత్క్రమణీయ చర్యలో రెండు శిఖరాల మధ్య అంతరం 25 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 59 మిల్లీవోల్టులు. ఉపరితలం మలినమైతే ఆ అంతరం పెరగవచ్చు. జిడ్డు వదలని నగపై పూత నిలవకపోవడమూ ఉపరితల సమస్యే. ఈ పాఠం సూత్రం చదివినంత మాత్రాన ఒంటబట్టదు.

ముగింపు

పనివాడికి చేతి నేర్పు ఉన్నా, సైనైడ్ ద్రావణంలో ఆమ్లం కలిస్తే ప్రాణాంతక వాయువు ఎందుకు వెలువడుతుందో వివరించేవారు లేకపోవచ్చు. విద్యార్థికి సమీకరణం తెలిసినా చేయి తిరగదు. 2008లో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయం మచిలీపట్నంలోనే ఉంది. గుడివాడ, దివిసీమల విద్యార్థులు పరికరంతోపాటు గిల్టు తొట్టినీ అధ్యయన వస్తువుగా స్వీకరిస్తే, ఆ పనివారిని కార్యశాలకు ఆహ్వానిస్తే, 1910 నాటి ఆశయం విజ్ఞాన శాస్త్రంలోనూ నెరవేరుతుంది. అప్పుడు లాభం పట్టాకే పరిమితం కాదు. పనివాడి ఊపిరికీ రక్షణ దొరుకుతుంది.