మూత్రాశయ-యోని ఫిస్ట్యులా శస్త్రచికిత్స: కణజాల ఫ్లాపుల చరిత్ర, రోగుల పాత్ర – పరిశీలన

వ్యాససంగ్రహం:
కష్టప్రసవం వల్ల ఏర్పడే మూత్రాశయ-యోని ఫిస్ట్యులాను మూసే శస్త్రచికిత్స మొదట కుట్టును, తరువాత రక్తప్రసరణ గల కణజాలాన్ని ఆధారం చేసుకొని ఎదిగింది. ఆ పరిణామాన్ని వివరిస్తూ, అందులో రోగులైన స్త్రీలు చికిత్స పొందినవారిగానే కాక చికిత్సకు చేయూతనిచ్చినవారిగా కూడా ఉన్నారని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఫిస్ట్యులా, ప్రసవం, ఫ్లాప్, మార్టియస్, అనార్కా, మామితు గాషే.

1. ఉపోద్ఘాతం:
శిశువు తల కటివలయంలో రోజుల తరబడి ఇరుక్కుపోయినప్పుడు, మూత్రాశయానికీ యోనికీ నడుమనున్న మెత్తని గోడ ఎముకకు అదుముకొని, రక్తం అందక చచ్చుబడుతుంది. కొద్దిరోజుల్లో ఆ భాగం ఊడిపోయి రంధ్రం పడుతుంది. అప్పటినుండి మూత్రం రాత్రింబవళ్లు కారుతూనే ఉంటుంది. చాలా సందర్భాల్లో బిడ్డ దక్కదు. దుర్వాసన కారణంగా భర్త, బంధువులు కూడా దూరమవుతారు. ఈ వ్యాధి అతిప్రాచీనం. క్రీ.పూ. సుమారు 2050 నాటి ఈజిప్టు రాజాంతఃపుర స్త్రీ హెన్‌హెనిత్ మమ్మీలో ఇటువంటి రంధ్రం ఉన్నట్లు డెర్రీ 1935లో ప్రకటించారు.

2. కుట్టుపై దృష్టి:
అమెరికాలోని అలబామా రాష్ట్రం, మాంట్‌గోమరీలో జె. మారియన్ సిమ్స్ 1845-1849 మధ్య బానిస స్త్రీలపై ఈ శస్త్రచికిత్సను పదేపదే ప్రయత్నించారు. వారిలో అనార్కా, బెట్సీ, లూసీ అనే ముగ్గురి పేర్లు మాత్రమే తెలుస్తున్నాయి. 1846లో ఈథర్ మత్తు బహిరంగంగా ప్రదర్శితమైన తరువాత కూడా ఆయన ఈ స్త్రీలకు మత్తు ఇవ్వలేదు. లూసీ మొదటి శస్త్రచికిత్స తరువాత ప్రాణాపాయస్థితికి చేరుకొన్నారు. అనార్కా సుమారు ముప్ఫైసార్లు కోతకు గురయ్యారు. చివరకు 1849లో వెండితీగ కుట్లతో ఆమె రంధ్రం మూసుకొన్నది. 1852లో సిమ్స్ ఈ పద్ధతిని ప్రచురించారు. స్త్రీలు సమ్మతించారని ఆయన చెప్పుకొన్నారు. కాని యజమాని ఆస్తిగా పరిగణింపబడే మనిషికి కాదనే హక్కు లేనప్పుడు, ఆ సమ్మతికి అర్థమేమిటన్నది చరిత్రకారులు వేస్తున్న ప్రశ్న.

ఇక్కడ గమనించదగిన విషయం మరొకటి ఉంది. వరుస వైఫల్యాలతో తోటి వైద్యులు సాయానికి రావడం మానుకొన్నప్పుడు, ఆ స్త్రీలే ఒకరి శస్త్రచికిత్సలో మరొకరు సహాయకులుగా నిలిచారు. వారు స్వయంగా రాసిన కథనం ఒక్కటీ లేదు.

3. రక్తప్రసరణపై దృష్టి:
చిన్న రంధ్రానికి మంచి కుట్టు చాలవచ్చు. కాని చుట్టూ ఉన్న కణజాలం మచ్చకట్టి, రక్తం చాలని స్థితిలో ఉంటే ఎంత మేలైన కుట్టైనా విడిపోతుంది. అందువల్ల, రక్తప్రసరణ చక్కగా ఉన్న కణజాలాన్ని పక్కనుండి తెచ్చి రెండు కుట్ల వరుసల మధ్య పరచాలన్న ఆలోచన బలపడింది. 1928లో జర్మన్ స్త్రీవైద్య నిపుణుడు హైన్రిష్ మార్టియస్ బాహ్యజననాంగపు పెదవినుండి కణజాలాన్ని ఒకవైపు కాడ తెంచకుండా వేరుచేసి, లోపలి దారిగుండా రంధ్రం వద్దకు చేర్చే పద్ధతిని వివరించారు. దానిని కండరపు ఫ్లాప్‌గా భావించినా, నేడు ఆయన పేరుతో వాడుతున్నది ప్రధానంగా కొవ్వు కణజాలమే. అదే సంవత్సరం గార్లాక్ తొడ లోపలి గ్రాసిలిస్ కండరాన్ని ఉపయోగించారు. పెద్ద రంధ్రాలకు పేగులపై కప్పుకొని ఉండే కొవ్వుపొరను దించి వాడిన అనుభవాన్ని కిరికుటా, గోల్డ్‌స్టీన్ 1972లో ప్రచురించారు.

కాడ తెంచకుండా కణజాలాన్ని మళ్లించడం భారతీయ శస్త్రవిద్యకు తెలిసినదే. తెగిన చెవితమ్మెను చెంప కణజాలంతో సరిచేసే విధానం సుశ్రుతసంహితలో ఉంది. మార్టియస్ దీనినుండి గ్రహించారని చెప్పడానికి ఆధారం లేదు. సామ్యం సూత్రానికే పరిమితం. ప్రతి ఫిస్ట్యులాకూ ఫ్లాప్ అవసరం లేదన్న అభిప్రాయం నేటి శస్త్రవైద్యుల్లో ఉన్నప్పటికీ, క్లిష్టమైన, తిరగబెట్టిన రంధ్రాల చికిత్సలో దాని స్థానం పదిలంగా ఉంది.

4. రోగి చేతికి శస్త్రం:
1959లో ఇథియోపియా వచ్చిన రెజినాల్డ్, క్యాథరిన్ హామ్లిన్ దంపతులు 1974లో అడిస్ అబాబాలో ప్రత్యేకంగా ఫిస్ట్యులా ఆసుపత్రిని స్థాపించారు. కష్టప్రసవంలో బిడ్డను కోల్పోయి, ఫిస్ట్యులాతో వారివద్దకు వచ్చిన గ్రామీణ యువతి మామితు గాషే మొదట పక్కలు సర్దే పని చేశారు. తరువాత శస్త్రచికిత్సలో సహాయకురాలయ్యారు. క్రమంగా ఆ విద్యనే నేర్చుకొని తానే శస్త్రచికిత్సలు చేసే స్థాయికి ఎదిగారు. 1989లో ఇంగ్లండు రాయల్ కాలేజీ ఆఫ్ సర్జన్స్ హామ్లిన్ దంపతులతోపాటు ఆమెకూ బంగారు పతకం ఇచ్చింది. మాంట్‌గోమరీ స్త్రీలు చేసిన పని సహాయంగానే మిగిలిపోయింది. మామితు విషయంలో అది విద్యగా గుర్తింపు పొందింది.

5. ముగింపు:
న్యూయార్కు సెంట్రల్ పార్కునుండి సిమ్స్ విగ్రహాన్ని 2018లో తొలగించారు. 2021లో మాంట్‌గోమరీలో అనార్కా, బెట్సీ, లూసీల శిల్పాలు నెలకొన్నాయి. అయినా ఫ్లాపుకు మార్టియస్ పేరు ఉన్నట్లు, వైద్యగ్రంథాల్లో ఏ పద్ధతికీ వారి పేరు లేదు. పేర్లు మార్చినంతమాత్రాన జరిగిన అన్యాయం మాసిపోదు. కాని ఈ శస్త్రచికిత్స చరిత్రను రాసేటప్పుడు కుట్టు వేసినవారితోపాటు కోతను భరించినవారినీ, ఆ బల్లవద్ద చేయి అందించినవారినీ నమోదు చేయడం పరిశోధకుల బాధ్యత.